తేలని అరవై ఒక్క ఓట్లు

ఒలందాపేట వీధిలో ఓటున్న రెండొందల పద్నాలుగు మందీ, ఒలందా దొరలు ఊరొదిలి వెళ్లి రెండొందల ఏళ్లు కావస్తున్నా, ఇప్పటికీ ఒలందా దేశపు ఎన్నికల్లోనే ఓటేస్తారు. ఇందులో వింతేమీ లేదు. దొరలు వెళ్లేటప్పుడు ఇంగ్లీషువాళ్లకి అప్పజెప్పిన వస్తువుల జాబితాలో కోట, గిడ్డంగి, మూడు ఫిరంగులు, ఒక గంట, రెండు తూకం రాళ్లు ఉన్నాయి. వీధి లేదు. మరిచిపోయారో, కాగితం అయిపోయిందో ఎవరికీ తెలీదు. అప్పజెప్పనిది తమ దగ్గరే ఉన్నట్టు కాబట్టి, తర్వాతెప్పుడో ఆ దేశంలో ఓట్లు మొదలైనప్పుడు ఒక గుమస్తా పాత దస్తరాలు తిరగేసి, సముద్రపు ఒడ్డున తమకింకా ఒక వీధి మిగిలుందని కనిపెట్టి, అందులోవాళ్ల పేర్లు జాబితాలో ఎక్కించాడు. ఆ దేశాన్ని ఇప్పుడు నెదర్లాండ్స్ అంటున్నారు గానీ, వేటకెళ్లి వలలు లాగే ఆ వీధిలో ఎవరికీ ఆ పేరు నోరు తిరగదు.

ఇక్కడ మన ఎన్నికలు వచ్చినప్పుడు తహసీల్దారు ఆఫీసువాళ్లు వచ్చి, ఒక మనిషికి రెండు చోట్ల ఓటుండడం నేరమని చెప్పి, అందరి పేర్లూ కొట్టేసి వెళ్లారు. ఆ తర్వాత కుళాయి అడిగితే, ఓటు ఎక్కడుంటే కుళాయి అక్కడే అడగాలన్నారు. రోడ్డు అడిగినా అదే మాట. చెప్పిన మాట పద్ధతిగానే ఉంది కాబట్టి వీధి ఒప్పుకుంది.

ఒలందాలో ఎన్నికలు నాలుగేళ్లకోసారని రాసి ఉంటుంది. పొత్తులు విరగడం వల్ల రెండేళ్లకే వస్తుంటాయి. రెండు నెలల ముందుగా ఆ దేశం నుంచి ఎన్నికల అధికారి ఒకాయన దిగుతాడు. ఆయన పేరు వౌటర్. వీధివాళ్లకి అది ఓటరు అని వినబడింది. ఎన్నికలు పెట్టించే మనిషికి ఓటరని పేరు పెట్టుకోవడం వాళ్ల ఆచారమేమో అనుకుని, ఓటరు దొర అంటారు. ఆయన తెలుగు నేర్చుకున్నది వెనకటికి కోటలో ఉన్న పాదిరీ ఒకాయన రాసిన పుస్తకంలోంచి. అంచేత ఆయన నోరు తెరిస్తే దానపత్రం చదువుతున్నట్టుంటుంది.

బ్యాలెట్ కాగితం దుప్పటంత ఉంటుంది. ఇరవై ఏడు పార్టీలు, వెయ్యికి పైగా పేర్లు. ఎర్ర పెన్సిల్ ఇస్తారు. ఒక పేరు పక్కనున్న గుండ్రాన్ని దాంతో నింపాలి. మొట్టమొదటిసారి ఆ కాగితం చూసిన ఆడవాళ్లకి అది బొట్టు పెట్టడంలాగే కనబడింది. అప్పట్నుంచి ఒలందాపేటలో ఓటేయడమనే మాట లేదు. ఎవరికి బొట్టు పెట్టావని మగవాళ్లు కూడా అడుగుతారు.

ఎన్నికల ఏడాదిలో ప్రతి ఆదివారం సూరాడ గంగరాజు సర్వే కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. అది వాళ్ల నాన్న చేసిన పని, ఆయన తర్వాత ఈయనకి వచ్చింది. అడగాల్సింది ఒకటే ప్రశ్న. ఈరోజే ఎన్నికలైతే ఎవరికి పెడతారు? జనం ఆలోచించి మరీ చెప్పేవారు. వచ్చేవారం ఇంకోటి చెప్పేవారు. అందులోనూ అబద్ధం లేదు, ఆరోజు వేరు ఈరోజు వేరు.

సంవత్సరం మొదట్లో ఆవుల పార్టీకి ముప్ఫై నాలుగు మంది ఉండేవారు. ఆ పార్టీ నాయకుడు పచ్చి చేపని తోక పట్టుకుని నోట్లోకి దించుకుంటున్న ఫోటో ఒకటి వచ్చింది. అక్కడ అది పెద్ద గొప్పట. చేప మీద బతికే వీధికి మాత్రం అది తిండిలా కనబడలేదు. ఉప్పూ కారం తగిలించడం చేతగానివాడు రాజ్యం ఏం చేస్తాడని ఒక్క వారంలో పంతొమ్మిది మంది జారిపోయారు. వాళ్లలో కొందరు అద్దె ఇళ్ల పార్టీకి, కొందరు అరవై దాటినవాళ్ల పార్టీకి, నలుగురు ఆవుల పార్టీలోంచి చీలిన అసలు ఆవుల పార్టీకి వెళ్లారు. ఈ రాకపోకలన్నీ గంగరాజు గీతలు గీసి చూపించేవాడు. ఒలందాలో టీవీవాళ్లు ఆ గీతల్ని రంగుల్లో వేసుకుని, ముందు రోజు వేసిన గీతలు ఎందుకు తప్పాయో మర్నాడు వివరించేవారు.

సర్వే కాగితంలో ఇరవై ఎనిమిది గడులు. ఇరవై ఏడు పార్టీలవి, ఇరవై ఎనిమిదోది ఇంకా తేలనివాళ్లది. ఆ గడిలో ఎప్పుడు చూసినా అరవై ఒకటికి దగ్గరగా ఒక అంకె ఉంటుంది. వాళ్లంతా వీధిలోని విధవలు. మొగుళ్లు వేటకెళ్లి తిరిగిరానివాళ్లే ఎక్కువ. మొగుడు పోయాక బొట్టు ముట్టుకోకూడదు కాబట్టి వాళ్లు ఓటేయరు. అత్తల నాటి నుంచీ అంతే. విధవలకి వేరే గడి లేకపోవడంతో గంగరాజు వాళ్ల నాన్న తేలనివాళ్లలో రాసేవాడు. ఆయన రాసేవాడు కాబట్టి గంగరాజూ రాశాడు.

తేలనివాళ్లు అనే మాట ఓటరు దొరకి అంతుపట్టలేదు. "మా భాషయందు నిర్ణయింపనివాడు గాలిలో తేలుచుండును. మీ భాషయందు నిర్ణయింపనివాడు తేలడు. మరి మీవాడు ఎచ్చట నుండును?" అని ఒకసారి గంగరాజుని అడిగాడు.

"ములిగి ఉంటాడండి," అన్నాడు గంగరాజు.

దొర పుస్తకంలో రాసుకున్నాడు.

ఒక్క వీధిలో అరవై ఒక్కమంది తేలనివాళ్లు ఉండడం ఒలందా దేశంలో ఇంకెక్కడా లేదు. ఎటూ తేలని ఓటరు కోసమే అక్కడి పార్టీలు తిండి మానేసి తిరుగుతాయి. తమవాళ్లు తమవాళ్లే, అవతలివాళ్లు అవతలివాళ్లే, ఇక పలకరించాల్సింది వీళ్లనే. అంచేత ప్రతి ఎన్నికకీ ఆరేడు పార్టీల పెద్దలు విమానాలెక్కి వచ్చి, ఎండుచేపలు తిరగేస్తున్న విధవల గుమ్మాల ముందు చెప్పులు విప్పి నిలబడేవారు. ఒక పార్టీ గొడుగులు పంచింది. ఒక ప్రొఫెసరు ఏడాదిపాటు పాకలో కూర్చుని, ప్రపంచంలోకెల్లా ఆచితూచి ఓటేసేవాళ్లు ఈ ఆడవాళ్లేనని పుస్తకం రాశాడు. ఎందుకు తేల్చుకోలేదని ఎవరూ వాళ్లని అడగలేదు. ఆ ప్రశ్నకి కాగితంలో చోటు లేదు. వాళ్లూ చెప్పలేదు. పెళ్లికీ పేరంటానికీ పిలుపు లేని మనుషులు. ఎక్కడినుంచో ఒకడొచ్చి నీ మనసులో ఏముందమ్మా అంటే, నిజం చెప్పి పంపేయాలని ఎవరికుంటుంది?

గంగరాజు వదిన నూకరత్నం ఆ అరవై ఒక్కమందిలో ఒకతె. ఆవిడ ఇల్లు వీధిలో మూడోది. సముద్రం వైపు నుంచి లెక్క. మొదటి ఇల్లు ముందటేడు తుపానులో పోయింది. రెండోది పోయిన కార్తీకంలో గోడ తర్వాత గోడ దిగిపోయింది. ఇప్పుడు కెరటానికి ఎదురుగా ఉన్నది నూకరత్నం ఇల్లే. రోజూ పొద్దున్నే గుమ్మంలోంచి తడి ఇసక దాకా నడిచి అడుగులు లెక్కపెట్టుకునేది. ఎన్నికల ఏడాది మొదట్లో అరవై అడుగులు వచ్చాయి. మాఘంలో యాభై మూడు.

తహసీల్దారు ఆఫీసుకి వెళ్లి కెరటానికి అడ్డంగా గోడ కట్టమంటే, గోడ కూడా కుళాయిలాంటిదే అన్నారు.

గట్టు పార్టీ నాయకురాలు వచ్చింది అప్పుడే. గుమ్మమంత ఎత్తు మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. సముద్రాన్ని చూసింది, నూకరత్నం ఇంటిని చూసింది, గంగరాజు కాగితంలో ఇరవై ఎనిమిదో గడిని చూసింది. చాలాసేపు మాట్లాడింది. ఓటరు దొర దాన్ని తెలుగు చేశాడు.

"మీరు అరువది యొక్కరును మా పక్షమునకు తేలినచో, ఈ వీధి మొదట తొమ్మిదివందల అడుగుల పొడవున రాతిగోడ కట్టింపబడును."

"ఎప్పటికండి?" అంది నూకరత్నం.

"ప్రభుత్వము ఏర్పడిన పిమ్మట."

"ఏర్పడ్డానికి ఎన్నాళ్లు పడుతుంది?"

దొర ఆ ప్రశ్నని తర్జుమా చేశాడు. నాయకురాలు నవ్వి ఆవిడ చెయ్యి పట్టుకుంది. దొర ఆ నవ్వుని మాత్రం తెలుగు చేయలేదు.

తర్వాతి ఆదివారం గంగరాజు వచ్చేసరికి నూకరత్నం పీట వేసి కూర్చుని ఉంది.

"ఇరవై ఎనిమిదిలో రాసేత్తన్నా వదినా," అన్నాడు అలవాటుగా.

"కొట్టెయ్. గట్టు పార్టీ అని రాయి."

గంగరాజు పెన్ను ఆపాడు. "నువ్వు బొట్టెలా పెడతావ్? నలుగురూ ఏటనుకుంటారు?"

"నా నుదుటికి పెట్టుకుంటానన్నానేటి? కాయితానికి పెడతాను. కాయితానికేటి, మొగుడు పోయాడా?"

"మా అన్నయ్యుంటే..."

"మీ అన్నయ్యుంటే నాకీ తగువే లేదు. ఎక్కడో ఆ నీళ్లలోనే ఉన్నాడు గదా, వత్తన్న కెరటాన్ని ఓ మాట ఆపమను."

గంగరాజు రాశాడు. ఆ వారం ఒలందా టీవీలో తేలనివాళ్లు ఒకటి తగ్గారు. ముగ్గురు పెద్దమనుషులు గంటసేపు దాని గురించి మాట్లాడారు.

ఒక్క ఓటుకి గోడ రాదు కాబట్టి నూకరత్నం మిగతా అరవై గుమ్మాలూ ఎక్కింది. మిగతావాళ్లెవరైనా బొట్టు పెట్టి పిలుస్తారు. ఈవిడ వట్టి చేతులతో వెళ్లి, బొట్టు పెట్టడానికి రమ్మని పిలిచింది. అందరికంటే గట్టిగా కాదన్నది కొండమ్మ. వీధిలోకెల్లా పెద్ద ముసలమ్మ, మొగుడు పోయి యాభై ఏళ్లు దాటింది.

"మా అత్త పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ఇయ్యాల సముద్రం అడిగిందని పెడతానా?"

"సముద్రం బొట్టడగట్లేదు పిన్నీ. ఇల్లడుగుతంది."

"నీ ఇల్లు అడుగుతంది. నాది పదకొండోది."

"రెండు పోయాయి గదా, ఇప్పుడు నీది తొమ్మిదోది. నాది పోతే ఎనిమిదోది."

కొండమ్మ వేళ్లు ముడుచుకుంటూ లెక్కపెట్టుకుంది. రెండుసార్లు పెట్టుకుంది. ఆనక, "గుర్తేటి వాళ్లది?" అంది.

"గుర్తుల్లేవు. పేరే. ఏడో వరస పైన. నే సూపిత్తాను."

"సూపించు. కళ్లు ఆనవు నాకు."

పోలింగు వలల పాకలో జరిగింది. విధవలంతా ఒకే వరసలో నిలబడ్డారు. ఎన్నడూ లేని వరస కావడంతో మగవాళ్లు పని మానుకుని చూశారు. ఎవరో వెనకనుంచి, "ఈ లెక్కన రేపు మనల్ని వంట సేయమంటారు," అన్నాడు. కొందరు నవ్వారు. వరసలోంచి ఒకావిడ వెనక్కి తిరక్కుండానే, "నీ వంట తినేకంటే ఆ ఆవుల పార్టీ దొర పచ్చిచేప నయం," అంది. మిగతావాళ్లు కూడా నవ్వారు.

కొండమ్మ పెన్సిల్ పుచ్చుకుని దుప్పటంత కాగితం ముందు చాలాసేపు నిలబడింది. కాలపరిమితి లేదని నిబంధన ఉండడంతో ఓటరు దొర కదలలేదు. ఆవిడ గుండ్రం నింపి బయటికొచ్చి, చేతికేమీ అంటకపోయినా ఉంగరం వేలు కొంగుకి తుడుచుకుంది. ఇంటికెళ్లేదాకా తుడుచుకుంటూనే ఉంది.

ఒలందా పార్లమెంటులో నూటయాభై సీట్లు. ఓట్లు పంచగా చివర మిగిలే ముక్కలతో ఆఖరి సీటు ఎవరికో తేలుస్తారు. ఆ ఏడాది ఆఖరి సీటు గట్టు పార్టీకి వెళ్లింది. తేడా నలభై ఎనిమిది ఓట్లు. దాంతో ఆ పార్టీకి ముప్ఫై ఒకటి అయ్యాయి, ఆవుల పార్టీ ముప్ఫై దగ్గర ఆగిపోయింది. ప్రభుత్వం కట్టే మొదటి హక్కు గట్టు పార్టీదే. అక్కడి పత్రికల్లో అరవై ఒక్కమంది ఆడవాళ్ల ఫోటో వేశారు. కింద ఏం రాశారో దొర చదివి చెప్పాడు, చరిత్రను తేల్చిన తల్లులు అని. నూకరత్నం ఆ రోజు నలభై ఆరు అడుగులు లెక్కపెట్టింది.

ప్రభుత్వానికి డెబ్భై ఆరు సీట్లు కావాలి. అంటే అయిదు పార్టీలు కలవాలి. ఒలందాపేటలో ఇది అందరికీ తెలిసిన వ్యవహారమే. పడవ పొత్తుకి వేసినా అంతే, వల ఒకడిది, ఇంజను ఒకడిది, చుక్కాని ఎవరు పట్టాలో తేలేసరికి చేప వెళ్లిపోతుంది. కాకపోతే ఇక్కడ ఆ రోజు పొయ్యి వెలగదు కాబట్టి సాయంత్రానికి రాజీ పడతారు. అక్కడ అందరి పొయ్యిలూ వెలుగుతూనే ఉంటాయి.

ప్రభుత్వం ఏర్పడేదాకా అధికారి ఓటర్ల దగ్గరే ఉండాలని నిబంధన. ఓటరు దొర వారంవారం వచ్చి చర్చలు ఎంతవరకు వచ్చాయో నూకరత్నం అరుగు మీద కూర్చుని చదివేవాడు. రెండో నెలలో, రాయి మోసే లారీల పొగ పచ్చికకి పడదని ఆవుల పార్టీ అంది. గోడని మట్టితో కడదామనుకున్నారు. మూడో నెలలో, మట్టంటూ ఉంటే ముందు ఇళ్ల పునాదులకి వాడాలని అద్దె ఇళ్ల పార్టీ అంది. గోడ ఇసక బస్తాలైంది. అయిదో నెలలో అరవై దాటినవాళ్ల పార్టీ బస్తాల మన్నికపై అధ్యయనం కోరింది. ఏడో నెలకి గోడ ఒక వాక్యమైంది. ఆ వాక్యం పొడుగ్గా ఉందని, ఎనిమిదో నెలలో దాన్ని పేజీ అడుగున సన్నక్షరాల్లోకి దించారు.

"మొత్తానికి ఉందంటారా లేదంటారా?" అంది నూకరత్నం.

"ఉన్నది తల్లీ. సదుద్దేశ రూపమున ఉన్నది."

ఆ రోజుకి గుమ్మం ముందు పదకొండు అడుగులున్నాయి.

ఈలోగా ఆదివారాల సర్వే మళ్లీ మొదలైంది. ప్రభుత్వం ఏర్పడకముందే పడిపోతుందేమోనని అక్కడ ముందుగానే అడగడం మొదలుపెడతారు. ఇరవై ఎనిమిదో గడిలో ఈసారి సున్నా వచ్చింది. విమానాలు దిగడం మానేశాయి. మిగతా పార్టీలవాళ్లు ఆ వీధి గట్టు పార్టీదని పక్కన పెట్టేశారు. గట్టు పార్టీవాళ్లు ఎలాగూ తమదేనని పక్కన పెట్టేశారు. ప్రొఫెసరు తన పుస్తకాన్ని సవరించి, ప్రపంచంలోకెల్లా మాట తప్పని ఓటర్లు ఈ ఆడవాళ్లేనని రాశాడు.

"నన్ను మళ్లీ తేలనోళ్లలో రాసెయ్ గంగరాజూ," అంది నూకరత్నం. "మా అందర్నీ రాసెయ్. ఎవరో ఒకరొచ్చి చూత్తారు."

"వెనక్కి రాయడానికి లేదు వదినా. నువ్వు తేలిపోయావు."

"పోనీ ఆవుల పార్టీకి మారానని రాయి."

"రాత్తాను. మారినోళ్లు అక్కడ వారానికి లచ్చమంది ఉంటారు. ఎవరికి కావాలి?" అని కాగితం మడిచి, "తప్పు నాదే. ఎప్పుడో మా అయ్యనాడే మీకని ఓ గడి గియ్యాల్సింది," అన్నాడు.

"గీత్తే ఆనాడే రావడం మానేద్దురు," అంది నూకరత్నం.

పదో నెలలో ప్రభుత్వం ఏర్పడింది. ఆ కబురు తెచ్చిన రోజు ఓటరు దొర బూట్లు వేసుకొచ్చాడు. ఎందుకంటే అమావాస్య పోటుకి నీళ్లు నూకరత్నం గడప దాటి లోపలికి వచ్చి, వెనక్కి తీసేటప్పుడు సగమే తీశాయి. ఆవిడ మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకుని పైన కూర్చుంది. గంగరాజు బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని, ఎక్కడ దించాలో తెలీక నిలబడి ఉన్నాడు.

దొర పొత్తు ఒప్పందం చదివాడు. తొంభై పేజీలు. సన్నక్షరాల్లో గోడ లేదు. దాని బదులు, సముద్రమట్టానికి దిగువనున్న ప్రతి వీధినీ కాపాడే బాధ్యత రాజ్యానిదేనని ఉంది. ఒలందాపేట ఇన్నాళ్లూ సముద్రం కంటే రెండడుగులు ఎత్తున ఉండడంతో దిగువ వీధుల జాబితాకి పనికిరాలేదట. దొర సంచీలోంచి కొలబద్ద తీసి నూకరత్నం ఇంటి నట్టింట్లో దించాడు. వంగి చూశాడు. మళ్లీ చూశాడు. లేచేసరికి ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"జానెడు దిగువ," అన్నాడు. "తల్లీ, మా దేశమున సగము మంది ఇట్లే జీవింతురు. నేటితో మీరును మాకు సమానులైతిరి."

అక్కడికక్కడే ధ్రువపత్రం రాసి, ముద్ర వేసి, తడవకుండా ఆవిడ చేతికిచ్చాడు. నూకరత్నం దాన్ని రెండువైపులా చూసింది.

"అయితే గోడ కడతారన్నమాట."

"కట్టుదురు. అయితే గోడ ఇక ప్రభుత్వపు పని కాదు. దిగువ వీధుల నీటిని నీటిమండలి చూచుకొనును."

"ఆ మండలోళ్లెక్కడుంటారు?"

"ఇంకను లేరు. వారిని మీరే ఎన్నుకొనవలెను. పదునొకండు మాసములలో ఎన్నికలు."

గంగరాజు బియ్యం డబ్బా మంచం మీద వదిన పక్కన దించాడు. జేబులోంచి కొత్త సర్వే కాగితం తీసి, తడవని చోటు కోసం చూసి, గోడకి ఆనించి పెట్టుకున్నాడు.

చిన్న కెరటమొకటి లోపలికి వచ్చి, పీటని పొయ్యి దాకా తీసుకెళ్లి వదిలింది. నూకరత్నం కాళ్లు మంచం మీదకి తీసుకుంది.

"ఎన్ని పార్టీలంట?" అంది.

"పద్దెనిమిదట."

"చదువు మరి," అంది.